పదిహేడు

సంఘం రిజిస్టర్‌లో నీ పేరుకెదురుగా
రెండువందల పద్నాలుగు అని ఉంది, సువార్తా.
తప్పు.
రెండువందల పంతొమ్మిది.

తొంభై నాలుగు వానల్లో
స్టేడియం మెట్ల కింది గది కప్పు కారి
రెండు పేజీలు నీలం నీళ్ళయిపోయాయి.
ఆ రెండూ మీ రైల్వేకీ మా తపాలాకీ జరిగిన మ్యాచ్‌లే.
ఆ ఐదు గోల్స్‌కి ఇప్పుడు నేనొక్కదాన్నే సాక్షిని,
అవి తిన్నది నేనే కనుక.

కొట్టినవాళ్ళకేం, చప్పట్లలో పడి మరిచిపోతారు.
వంగి, వలలోంచి బంతిని ఏరి
మధ్యగీత దాకా విసిరేవాళ్ళకి
ఒక్కోదాని బరువు వేరేగా తెలుస్తుంది.

సంఘానికి మూడు ఉత్తరాలు రాశాను.
మూడింటి మీదా నేనే ముద్ర కొట్టాను.
జవాబు రాలేదు.

మొదటిసారి చూసింది మెట్టుగూడ మొరం గ్రౌండ్‌లో.
వర్క్‌షాప్ ఖలాసీ కూతురివి,
కర్రకి సైకిల్ ట్యూబ్ చుట్టుకుని,
ఎడమ కాలికి మీ అన్న బూటు, కుడి కాలికి ఇంకెవరిదో.
లాలాగూడ సైరన్ మోగింది. అందరం తలెత్తాం.
నువ్వెత్తలేదు.
నా వెనక పలక ధన్‌మంది.
ఒకటి.

ఆ తర్వాతివి వరసగా గుర్తులేవు.
మోకాలి చిప్పలో ఒకటి ఉంది.
దవడ కింద, మూడు కుట్ల వెనక, ఇంకోటి.
ఒకటి మాత్రం బంగారం:
నలుగురి మధ్యనుంచి, చీపురుతో వాకిలి ఊడ్చినంత తేలిగ్గా,
నా రెండు ప్యాడ్ల నడుమ
అగ్గిపెట్టె పట్టేంత సందులోంచి.
తిట్టాలనుకుని
"శభాష్" అన్నాను.
మా కోచ్ ఆ వారం నాతో మాట్లాడలేదు.

జింఖానాలో ఆ రోజు మాత్రం నిమిషాలతో సహా గుర్తుంది.
థెల్మా టీచర్ పాత లెక్క నూట ఎనభై ఆరు.
ఆవిడే వచ్చింది, నల్ల గొడుగుతో,
తన రికార్డు పోవడం చూడ్డానికి
కొత్త చీర కట్టుకుని.
నలభై ఒకటో నిమిషం. పెనాల్టీ కార్నర్.
వలలో బంతి. అంపైర్ చెయ్యి లేచింది.
గోడమీది పిల్లలు పదివేల వాలా అంటించేశారు.
నువ్వేమో ఆ పొగలో నడుచుకుంటూ పోయి,
"నా కర్రకు తగల్లే సార్. ఫిలోమినాది."

టపాకాయలు ఆగవు కదా,
ఒకసారి అంటుకుంటే.
ఎవరి గోల్‌కో తెలియకుండానే
చివరి దాకా పేలాయి.

ఏడు నిమిషాల తర్వాత నిజందొచ్చింది.
ఎడమకి దూకాను.
నువ్వు కుడికి కొట్టావు.
పేలడానికి ఏమీ మిగల్లేదు,
గొడుగు మూసి థెల్మా టీచర్ ఒక్కతే లేచి నిలబడింది.

మర్నాడు పేపర్లో ఫోటో:
నీ చేతులు ఆకాశంలో.
కింద మూలన ఒక బూటు అడుగు, మేకు ఊడినది.
అది నేను.
కత్తిరించి దాచుకున్నాను.
మా ఆయన అడిగితే
"ఇద్దరం ఉన్నాం చూడు" అన్నాను.

ఇప్పుడు గచ్చిబౌలిలో నీలం టర్ఫ్.
ఆటకు ముందు దానికి నీళ్ళు చల్లుతారు,
మనకి తాగడానికి లేని నీళ్ళు.
అక్కడి పిల్లని అడిగాను, సువార్త తెలుసా అని.
"ఏ కోచింగ్ సెంటర్ ఆంటీ?" అంది.
పాపం, దానిదేం తప్పు లేదు.

మొన్న సికింద్రాబాద్ స్టేషన్‌లో,
రిజర్వేషన్ కౌంటర్ తొమ్మిది.
అద్దం వెనక నువ్వు, కళ్ళజోడుతో,
కుర్చీకి ఆనించిన చేతికర్రతో.
నలభై మంది క్యూ. నా వంతు.
అద్దం కింది సందులోంచి ఫారం తోశాను,
కాస్త గట్టిగానే, కుడి వైపుకి.

తలెత్తకుండానే
అరచేత్తో ఆపేశావు.

"తేదీ తప్పు రాసినవ్. మల్ల నింపు,"
అని వెనక్కి నెట్టి,
అప్పుడు చూశావు నన్ను.
వెనకవాళ్ళు గొణుగుతున్నారు.
"ఎన్ని?" అన్నావు.
టికెట్లేమో అనుకుని "ఒకటి" అన్నాను.